పదకొండో గడి

ఆసుపత్రి రికార్డు గది,
జూన్ 6, శుక్రవారం

అక్కా,

వారం షీట్ల సంచిలో ఈ ఉత్తరం చూసి కంగారు పడకు. సంచికి సీలు వేసేది నేనే, అక్కడ విప్పేది నువ్వే, మధ్యలో చూసేవాడెవడూ లేడు. నా ఫోన్ బస్సులో ఎక్కడో పోయింది. ఇంకోటి కొనేదాకా ఇదే మన పోస్టాఫీసు. శుక్రవారం నా సంచి నీకు వస్తుంది, మంగళవారం ఖాళీ ఫారాలతో నీ సంచి నాకు వస్తుంది. మీ ఆఫీసులో ఎలాగూ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు కాబట్టి నీకు పెద్ద తేడా ఏమీ ఉండదు.

ఒక పని మీద రాస్తున్నాను. మత్తు మందు మోతాదు మించి ఊపిరి ఆగిపోయేవాళ్లకి ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ మా ఎమర్జెన్సీకి మూడు నెలలకోసారి పన్నెండు సీసాలు వచ్చేది. ఈసారి రెండే వచ్చాయి. వచ్చిన వారంలోనే రెండూ అయిపోయాయి. మా పెద్ద నర్సు నా కిటికీ దగ్గరికొచ్చి, "మీ అక్క అక్కడే కదమ్మా పనిచేసేది, ఒక్క మాట అడగవూ" అంది. ఏ ఆసుపత్రికి ఎన్ని సీసాలో తేల్చేది మీ లెక్కలేనట కదా. టైపు కొట్టేటప్పుడు పన్నెండులో ఒకటి ఎగిరిపోయి రెండు మిగిలిందేమో కాస్త చూడు.

మేం బాగున్నాం. మీ మరిది నడుం నొప్పి చాలావరకు తగ్గింది. రోజూ డ్యూటీకి వెళ్తున్నారు, అదే పొడుగాటి బస్సు. స్టీరింగ్ పట్టుకుంటే గానీ ఆయనకి ప్రాణం లేచి రాదు, నీకు తెలిసిందేగా.

నీ
బుల్లి


గణాంకాల విభాగం, మూడో అంతస్తు,
జూన్ 10, మంగళవారం

బుల్లీ,

షీట్లలో ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తావు, అక్కకి రాసేసరికి కోడి కెలికినట్టు రాశావు. నాకు ఆ మాత్రం మర్యాద లేదా?

సీసాల సంగతి చూశాను. టైపు పొరపాటేమీ కాదు. ఏం చేస్తామో చెప్తాను విను. ముప్పై ఒక్క ఆసుపత్రుల నుంచి మీలాంటి షీట్లే వస్తాయి. వాటిలో ఏడో గడి, అంటే మత్తు మోతాదు మించిన కేసులు, నెలవారీగా కూడతాం. నెలకి ఇరవై, ఆపైన ఉంటే అత్యవసర కోటా. ఎవర్నీ అడగక్కర్లేదు, నలభై సీసాలు వెంటనే బయల్దేరతాయి. పది దాటితే పన్నెండు సీసాలు. పదిలోపైతే రెండు. మీకు జనవరిలో పధ్నాలుగు కేసులు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి ఇప్పుడు మూడు, నాలుగు. అందుకే రెండు సీసాలు.

ఇంకో సంగతి చెప్పనా? ఏడాది సమావేశంలో నేను బోర్డు మీద చూపించింది మీ ఊరి గ్రాఫు గీతనే. ముప్పై ఒక్క గీతల్లో కిందికి దిగింది అదొక్కటే. చప్పట్లు కొట్టారు. మా డైరెక్టర్ గారు నన్ను విభాగానికి అధికారిని చేశారు. మన అమ్మ ఉంటే ఊరంతా చాటింపు వేసేది.

ఒక్కటి అడుగుతాను. మీ ఊళ్లో ఈ మధ్య జనానికి కళ్లు తిరగడం ఎక్కువైందా? నీ షీట్లో పదకొండో గడి, "కళ్లు తిరిగి పడిపోవడం, కారణం తెలియదు", నెలనెలా పెరుగుతోంది. ఊరికే అడిగాను.

మీ
అక్క


ఆసుపత్రి రికార్డు గది,
జూన్ 13, శుక్రవారం

అక్కా,

ఎండలే. మిట్ట మధ్యాహ్నం పనిచేసేవాళ్లు పడిపోరా మరి. మూడో అంతస్తులో ఏసీ కింద కూర్చుంటే నీకెలా తెలుస్తుంది?

అధికారివైనందుకు సంతోషం. అధికారి అయ్యావు కాబట్టే అడుగుతున్నాను, ఇంకో పది సీసాలు ఎలాగోలా వేయించు. గీతలూ గడులూ నాకు చెప్పకు. అలమారాలో ఒక్కటీ లేదు.

ఈ వారం పని ఎక్కువ. ఇంతే.

బుల్లి


ఆసుపత్రి రికార్డు గది,
జూలై 11, శుక్రవారం

అక్కా,

నెల రోజులుగా నీ ఉత్తరాలకి జవాబు రాయలేదు. నీకు కోపం వచ్చి ఉంటుంది. ఇది చదివాక ఇంకా వస్తుంది.

మొన్న మంగళవారం పదకొండు గంటలకి ఒక టైలరమ్మ చనిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు. మా వీధి చివర్లో కుట్టు దుకాణం ఆవిడదే. నా జాకెట్లు ఆవిడే కుట్టేది. తోపుడు మంచం మీద తెచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరమ్మ అలమారా తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. అక్కా, ఖాళీ అలమారాని రెండుసార్లు తెరిచి చూసిందంటే ఆ పిల్ల ఎంత దిక్కు తోచక ఉందో చూడు. మొహానికి మాస్కు పెట్టి, ఊపిరి అందించే గాలి సంచి నొక్కుతూ కూర్చున్నారు. లాభం లేకపోయింది.

ఆవిడ మొదటిసారి రావడం కాదది. మార్చిలో ఒకసారి తెచ్చారు. అప్పుడు సీసాలుండేవి, బతికింది. అప్పుడు వాళ్ల అత్తగారు నా కిటికీ చువ్వలు పట్టుకుని, "అమ్మా, ఆ మాట రాయకమ్మా, డిశ్చార్జి కాగితం మీద అదే పడుతుంది, రేపు కాన్వెంటు యూనిఫాంల ఆర్డరు పోతుంది, మా బతుకు బజారున పడుతుంది" అని ఏడ్చింది. నేను పదకొండో గడిలో వేశాను.

డాక్టరమ్మ "స్పృహ లేదు, ఊపిరి తక్కువ" అని గిలికి ఇంకో మంచం దగ్గరికి పరుగెడుతుంది. దాన్ని ఏ గడిలో పెట్టాలో తేల్చేది నేను. ఒక్కరికి చేస్తే ఇంకొకరు వచ్చారు. ఒకరి తల్లి, ఒకరి అన్న, ఒకరి భార్య. కిటికీ దగ్గర నన్ను అందరూ తల్లీ అనేవాళ్లు. ఐదు నెలల్లో నలభై ఆరుగురిని పదకొండో గడిలోకి తోశాను. నేను చేస్తున్నది సాయమే అనుకున్నాను. ఆ కాగితం నీ దగ్గరికి వచ్చి సీసాగా మారుతుందని నాకు నిజంగా తెలియదు. నువ్వు జూన్‌లో రాసేదాకా తెలియదు. తెలిశాక కూడా నోరు విప్పలేదు. ఆ నెల రోజుల్లోనే టైలరమ్మ పోయింది.

నీ గీత కిందికి దిగలేదక్కా. నేనే కిందికి లాగాను.

ఏం చేయమంటావో చెప్పు. నాకు అన్నం సహించడం లేదు.

బుల్లి


గణాంకాల విభాగం,
జూలై 15, మంగళవారం

బుల్లీ,

నీ ఉత్తరం చదివి బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ముందు నిన్ను తిట్టుకున్నాను. తర్వాత నన్ను.

ఎందుకంటే నాకు ఏప్రిల్లోనే అనుమానం వచ్చింది. ఏడో గడిలో ఎన్ని తగ్గుతున్నాయో పదకొండో గడిలో దాదాపు అన్నే పెరుగుతున్నాయి. పాతికేళ్లవాళ్లూ ముప్పై ఏళ్లవాళ్లూ అలా వరసపెట్టి కళ్లు తిరిగి పడిపోరు. ఆ రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూపించాల్సిన దాన్ని నేను. చూపిస్తే గీత ఉండదు. గీత లేకపోతే చప్పట్లుండవు, ఈ కుర్చీ ఉండదు. పైగా షీటు కింద సంతకం నీది. చెల్లెల్ని ఎందుకు ఇరికించడం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జూన్‌లో ఊరికే అడిగానన్నది ఊరికే కాదు. నువ్వు ఎండలన్నావు, నేను హమ్మయ్య అనుకున్నాను. టైలరమ్మ విషయంలో నీ పాపం ఎంతో నాదీ అంతే.

ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే. జూన్ షీటు లెక్క ఇంకా మూయలేదు. జూన్‌లో నువ్వు పదకొండో గడిలో వేసినవాళ్లలో ఎవరు నిజంగా మత్తు కేసులో వాళ్లందర్నీ ఏడులోకి మార్చి, సవరణ ఫారాలు పంపు. సవరణల్లో పేర్లుండవు, వాళ్ల ఇళ్లకి ఎవరూ వెళ్లరు, ఇచ్చేసిన డిశ్చార్జి కాగితాలు అలాగే ఉంటాయి. వాహనాలు నడిపేవాళ్లకి మాత్రం రూలు వేరు, నీకు తెలుసు, వాళ్ల పేరు లైసెన్సు ఆఫీసుకి వెళ్తుంది. నీ మీద మెమో వస్తుంది. ఉద్యోగం పోయినా పోవచ్చు. నేను ఆపలేను. ఇరవైకి చేరితే నలభై సీసాలు కదులుతాయి, అది మాత్రం నేను చూసుకుంటాను.

తిని పడుకో. ఏడుస్తూ ఫారాలు నింపితే తప్పులు పడతాయి.

అక్క


ఆసుపత్రి రికార్డు గది,
జూలై 18, శుక్రవారం

అక్కా,

ఫారాలు ఇందులో ఉన్నాయి. పదహారు. డాక్టరమ్మ ప్రతి దాని మీదా సంతకం పెట్టింది. తలెత్తి చూడనైనా లేదు.

నిన్న ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ గాలి సంచే. ఒకరు దక్కారు.

త్వరగా.

బుల్లి


గణాంకాల విభాగం,
జూలై 22, మంగళవారం

బుల్లీ,

నాలుగుసార్లు కూడాను. ముందే ఏడో గడిలో ఉన్నవి మూడు, నువ్వు మార్చినవి పదహారు. పందొమ్మిది. ఒక్కటి తక్కువ.

పందొమ్మిదికి పన్నెండు సీసాలే, అవి కూడా సెప్టెంబరు కోటాలో. ఇరవైకి నలభై, ఈ వారమే. మధ్యలో ఏమీ లేదు, ఈ రూలు రాసినవాళ్లు మధ్యలో మనుషులుంటారని అనుకోలేదు.

జూన్ పదకొండో గడిలో పదిహేడు మంది ఉన్నారు. పదహారు మంది మారారు. మిగిలిన ఆ ఒక్కరు నిజంగానే కళ్లు తిరిగి పడ్డారేమో అనుకుని ఆ వరస తీసి చూశాను. జూన్ 19. మగ. ముప్పై ఎనిమిదేళ్లు. వృత్తి, డ్రైవరు. ఎమర్జెన్సీలో గాలి సంచి నొక్కింది నలభై నిమిషాలు.

కళ్లు తిరిగినవాడికి నలభై నిమిషాలు గాలి సంచి నొక్కరే.

మరిదికి ముప్పై ఎనిమిదే కదా? నాకు జవాబు రాయి. కోప్పడను. ఒట్టు.

అక్క


మా ఇంటి వంటగది,
జూలై 25, శుక్రవారం

అక్కా,

అవును, ఆయనే. ఇంకేం రాయాలి నేను?

రాస్తాను. రెండేళ్ల కిందట నడుం పట్టేస్తే డాక్టరు రాసిచ్చిన నొప్పి బిళ్లలు. నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు. డాక్టరు ఇవ్వనంటే బయట కొన్నారు. ఫిబ్రవరిలో మొదటిసారి పడిపోయారు. మా ఆసుపత్రికే తెచ్చారు, నా కిటికీ ముందే స్ట్రెచర్ వెళ్లింది. పదకొండో గడిలో నేను వేసిన మొట్టమొదటి మనిషి ఆయన. ఆ తర్వాత టైలరమ్మ అత్తగారు ఏడిస్తే కాదనడానికి నాకు ఏ మొహం ఉంది చెప్పు? నా మొగుడికి ఒక న్యాయం, ఆవిడ కోడలికి ఒక న్యాయమా? నీకు సాయం అని రాశాను గానీ, అది సాయం కాదు, సిగ్గు. జూన్‌లో డిపోలో రెండోసారి పడ్డారు. ఫోన్ బస్సులో పోలేదు. ఆయన అమ్మేశారు.

లైసెన్సు పోతే ఆయన మిగలరక్కా. ఇప్పటికీ పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని యూనిఫాం వేసుకుంటున్నారంటే అది ఆ బస్సు కోసం. నాకోసం కాదు. అది కూడా తీసేస్తే రోజంతా ఇంట్లో కూర్చుని ఏం చేస్తారో నువ్వే ఊహించుకో.

వెనక అరవై మంది కూర్చుంటారని నాకు తెలియదనుకున్నావా? ఆయన ఇంటికొచ్చేదాకా ప్రతి అంబులెన్సు మోతకీ లేచి నిలబడతాను.

నీ కాళ్లు పట్టుకుంటాను. పందొమ్మిదిని ఇరవై చెయ్యి. ఒక్క అంకె. నీ చేతిలో పనే. ఎవరో ఒకరు, పేరు లేనివాడు, వృత్తి లేనివాడు. అధికారివి నువ్వు. ఆ కుర్చీ నా అబద్ధం వల్లే వచ్చింది నీకు, దాని బదులు ఒక్క అబద్ధం ఆడలేవా?

బుల్లి


గణాంకాల విభాగం,
జూలై 29, మంగళవారం

బుల్లీ,

నన్ను కొట్టినట్టు రాశావు. కొట్టు, పడతాను.

ఆ ఇరవయ్యోది నేనే వేద్దామని నిన్న కూర్చున్నాను. నీ మీద ఒట్టు, అంకె కొట్టాను కూడా. మళ్లీ చెరిపేశాను. ధర్మం గుర్తొచ్చి కాదు. అత్యవసర కోటా అనగానే ఆడిట్ వాళ్లు మీ ఆసుపత్రికి వస్తారు, ప్రతి ఫారాన్నీ రిజిస్టరుతో పోలుస్తారు. రిజిస్టరులో లేని మనిషి ఒక్కడు దొరికితే షీటు మొత్తం కొట్టేస్తారు. పందొమ్మిదీ పోతాయి. మూడు నెలలు ఒక్క సీసా కూడా రాదు. దొంగ మనిషి పనికిరాడు బుల్లీ. నిజంగా పడిపోయిన మనిషే కావాలి. అలాంటివాడు ఒక్కడే మిగిలాడు, వాడు మీ ఇంట్లో ఉన్నాడు.

మరిదిని కాపాడుకోవాలనే ఇదంతా చేశావు. కానీ మూడోసారి ఆయన్ని తెచ్చేది కూడా ఆ అలమారా దగ్గరికే. డాక్టరమ్మ తెరిచి చూసేది ఆయన కోసమే అవుతుంది. అది ఖాళీగా ఉంచుతున్నది నువ్వు.

జూన్ లెక్క వచ్చే సోమవారం మూసేస్తారు. శుక్రవారం సంచే ఆఖరిది. నేను ఆయన పేరు పైకి చెప్పను. చెప్తే నీ మొహం మళ్లీ చూడలేను. నువ్వే పంపాలి.

అక్క


ఆసుపత్రి బయట బెంచీ మీద నుంచి,
ఆగస్టు 1, శుక్రవారం

వదిన గారికి నమస్కారాలు.

నేను ట్రిప్ షీటు తప్ప ఇంకేమీ రాసి ఎరగను, తప్పులుంటే సర్దుకోండి.

బుల్లి నా బిళ్లలు ఎక్కడో దాచింది. నిన్న దాని హ్యాండ్ బ్యాగు వెతికాను. బిళ్లలు లేవు, మీ ఉత్తరాలున్నాయి. అన్నీ చదివాను. టైలరమ్మది కూడా. నా యూనిఫాం చొక్కాకి గుండీలు కుట్టిందావిడే.

పద్దెనిమిదేళ్లలో ఒక్క యాక్సిడెంటు చేయలేదని అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. పోయిన బుధవారం ఒక స్టాపులో బస్సు ఆపాను. మళ్లీ ఎప్పుడు కదిలించానో నాకు గుర్తు లేదు. కండక్టరు వచ్చి భుజం కుదిపాడు. వెనక సీటు పెద్దావిడ, "ఏం నాయనా, నిద్ర చాలడం లేదా" అంది. కోపంగా అనుంటే బాగుండేది. జాలిగా అంది.

ఇవాళ పొద్దున్న డిపోలో తాళాలు ఇచ్చేశాను. ఎందుకని అడిగారు, చెప్పాను. అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్లి బుల్లి కిటికీ ముందు వరసలో నిలబడ్డాను. నా ముందు ఆరుగురు. నా వంతు వచ్చాక అది తలెత్తకుండా "పేరు?" అంది. చెప్పాను. పెన్ను కింద పడేసింది.

"జూన్ 19 కాగితం తియ్యి. ఏడో గడిలో వెయ్యి" అన్నాను.

"ఇంటికెళ్లండి, సాయంత్రం మాట్లాడుకుందాం" అంది.

"వెనక జనం ఉన్నారు. తొందరగా రాయి" అన్నాను.

అది ఏడుస్తూనే రాసింది. ఒక గీత గడి దాటింది. ఆడిట్ వాళ్లు దానికేమీ అభ్యంతరం చెప్పరు కదా? చెప్తే నేను వచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ వేలిముద్ర వేస్తాను. ఇప్పుడు నాకు ఖాళీయే.

మానేశానని రాయలేను వదినా. ఆ మాట బుల్లికి చాలాసార్లు చెప్పాను. ఇవాళ తాళాలు ఇవ్వడానికి వెళ్లేముందు కూడా రెండు మింగాను, లేకపోతే అంత ధైర్యం ఎక్కడిది. అది చూడకూడదని స్నానాల గదిలో గడియ పెట్టుకుని మింగుతాను. బుల్లి దాచినవి దొరకలేదు గానీ, నా దగ్గర వేరేవి ఉన్నాయి. బస్సు కూడా లేదు కాబట్టి రేపెలా ఉంటానో నాకే తెలియదు.

ఆ సీసాలు త్వరగా పంపించండి. ఒకటి నాకే కావాలేమో.

మీ మరిది


గణాంకాల విభాగం,
ఆగస్టు 5, మంగళవారం

మరిది గారికి,

శుక్రవారం సంచి అందింది. గీత గడి దాటినా ఫరవాలేదు. ఇరవై అయింది. జూన్ లెక్క నిన్న మూశాం.

మీ పేరు లైసెన్సు ఆఫీసుకి పంపే కాగితం నేనే టైపు చేశాను. గుమాస్తా చేత చేయించడానికి మనసొప్పలేదు. డైరెక్టర్ గారికి రెండు గడుల సంగతీ, ఏప్రిల్ నుంచి నాకు తెలుసన్న సంగతీ చెప్పేశాను. బుల్లి మీదా నా మీదా విచారణ ఉంటుంది. అది తర్వాత చూసుకుంటాం.

నలభై సీసాలతో వ్యాను గురువారం పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికి మీ దగ్గరికి చేరుతుంది. ఇంకా ముందు పంపమని అందరినీ బతిమాలాను. కుదరదన్నారు. ఇవాళ మంగళవారం. ఈ రెండు రోజులకి నా దగ్గర ఏ కోటా లేదు. బుల్లిని సెలవు పెట్టి మీ పక్కనే ఉండమని విడిగా రాశాను.

మింగకండి అని రాస్తే మీరు నాతో అబద్ధం చెప్పాల్సి వస్తుంది. అందుకని అది రాయడం లేదు. మింగకుండా ఉండలేకపోతే బుల్లి కళ్లెదుటే మింగండి. అది ఏడుస్తుంది, తిడుతుంది, చెయ్యి కూడా చేసుకుంటుంది. పడండి.

గురువారం మధ్యాహ్నం దాకా స్నానాల గదికి గడియ మాత్రం పెట్టకండి.

మీ
వదిన